కనకవ్వ పేరు మీది రెండెకరాలు

మా ఊళ్ళో సొంత భూమి లేని రైతులు చాలామంది ఉన్నారు. భూమి ఉండి కూడా కూలికి పోయే మనిషి మాత్రం ఒక్కతే, కనకవ్వ. ఆ భూమి కూడా నిజానికి ఆమెది కాదు. తికమక పడకండి, మొదటి నుంచి చెప్తాను. చెప్పే హక్కు నాకుంది, ఎందుకంటే ఆ భూమి అమ్మినప్పుడు కాగితం రాసింది నేనే. తర్వాత ఆ భూమి మీద సర్కారు ఇచ్చిన డబ్బులు కూడా నా చేతుల మీదుగానే కనకవ్వ చేతికి వెళ్ళాయి.

నేను మా ఊరి బ్రాంచి పోస్టుమాస్టర్‌ని. పేరు పెద్దదే గాని కొలువు రోజుకు నాలుగైదు గంటలే. మా ఇంటి ముందరి గదే ఆఫీసు. అందులో ఒక బల్ల, ఒక ఇనుప పెట్టె, ఈ మధ్య వచ్చిన వేలిముద్రల మిషను ఉన్నాయి. మబ్బు లేని రోజు గుమ్మంలో నిలబడితే కొండగట్టు గుట్ట కనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళకు ఈ కుర్చీలో కూర్చున్నాను, ఇప్పుడు యాభై ఏడు. దుబాయి నుంచి, మస్కట్ నుంచి వచ్చిన ఉత్తరాలు ఎన్ని ఇళ్ళలో చదివి వినిపించానో లెక్కలేదు. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అప్పట్లో చెప్పుకునేవారు. ఆ పేరుకు మురిసిపోయి, ఎవరు పిలిచినా కలం జేబులో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి.

అలా పిలిస్తే వెళ్ళిందే సాంబయ్య ఇంటికి, తొంభై ఆరులో. సాంబయ్య కనకవ్వ భర్త. మనిషి మంచివాడు, తొందర ఎక్కువ. బహ్రెయిన్ వీసా వచ్చిందని, ఏజెంటుకు వారంలోగా డబ్బు కట్టాలని, ఉన్న రెండెకరాలూ అమ్మేశాడు. కొన్నవాడు అంతయ్య. వరసకు సాంబయ్యకు తమ్ముడవుతాడు, కనకవ్వను వదినె అని పిలుస్తాడు. రిజిస్ట్రేషన్ చేయించుకునే తాహతు అప్పుడు ఎవరికీ లేదు, ఆ ఆలోచన కూడా లేదు. తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తే భూమి చేతులు మారినట్టే. సాదా బైనామా అంటారు దాన్ని. మా వైపు సగం భూములు అట్లా మారినవే. ‘మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకోవలసింది’ అని ఆఖరి వాక్యం రాసి, కింద గీత కూడా గీశాను. అందరం తలా ఒక గ్లాసు కల్లు తాగి లేచాం.

సాంబయ్య బహ్రెయిన్‌లో మూడేళ్ళు ఉన్నాడు. తెచ్చినదాని కంటే పోగొట్టుకున్నదే ఎక్కువ. ఊపిరితిత్తుల జబ్బుతో తిరిగొచ్చి ఏడాదిలోపే చనిపోయాడు. కనకవ్వ ఏడ్చింది, తర్వాత బీడీల చాట ముందరేసుకుని కూర్చుంది. పగలు కూలి, ఖాళీ దొరికితే బీడీలు. ఒక్కతే బిడ్డ రమను పెంచి పెద్ద చేసి సిరిసిల్లకిచ్చింది. అల్లుడిది సాంచాల మీద పని, మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. అతని కూలి అతని ఇంటికే చాలదు. అయినా కనకవ్వ ఒకరి ముందు చెయ్యి చాచినట్టు నేను చూడలేదు.

కూలికి ఆమె ఎక్కువగా పోయేది అంతయ్య పొలానికే. అంటే ఒకప్పటి తన పొలానికే. నాట్లకు పిలిచినా, పసుపు తవ్వకానికి పిలిచినా ముందు ఆమే వచ్చేది. నీళ్ళు ఎటు పారతాయో, ఏ మూల చౌడు ఉందో అంతయ్య కంటే ఆమెకే బాగా తెలుసు. ఆ పొలంలో వంగి నాటు వేస్తుంటే బాధనిపించదా అని ఒకసారి అడిగాను.

“బాధెందుకు తమ్మీ? అమ్మినం, పైసలు దీసుకున్నం. దొంగతనంగ పోయిందా?” అంది.

ఇరవై ఏళ్ళు ఇట్లాగే గడిచాయి. ఆ తర్వాత రైతుబంధు వచ్చింది.

పథకం రావడానికి ముందు ఏడాది భూముల రికార్డులు సరిచేస్తున్నామని ఊరూరా అధికారులు తిరిగారు. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకు ఎకరానికి నాలుగు వేల చొప్పున పంట పెట్టుబడి ఇస్తారని కబురు పాకింది. అంతయ్య పరుగెత్తుకుంటూ వెళ్ళి తన తెల్ల కాగితం చూపించాడు. రికార్డులో ఇంకా సాంబయ్య పేరే ఉంది. వచ్చిన అధికారి ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇది ఇప్పట్లో తేలే పని కాదన్నాడట. విచారణ చేయాలి, నోటీసులివ్వాలి, అందాకా పాసుపుస్తకమూ రాదు, పైసలూ రావు. అదే చనిపోయిన సాంబయ్య స్థానంలో భార్య పేరెక్కించాలంటే వారం పని. దాన్ని ఫౌతి అంటారు.

అంతయ్య రెండు రోజులు ఆలోచించి నా దగ్గరికి వచ్చాడు.

“గోపాలన్నా, ఫౌతి జేపిస్త. వదినె పేరు మీద పట్టా అయితే పైసలు పడతయ్. తీసి నాకిస్తది. గామె నన్ను మోసం జేస్తదా?”

“ఆమె చెయ్యదు,” అన్నాను.

అది నిజమే. ఇంకెవరైనా చేస్తే ఎట్లా అన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ప్రపంచంలో ఎక్కడైనా భూమి కొన్నవాడు, అమ్మినవాళ్ళ పేరు మీదికి దాన్ని తిరిగి ఎక్కించమని తన పెట్రోలు పోసుకుని తిరుగుతాడా? మా ఊళ్ళో తిరిగాడు. కనకవ్వను మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని మండలాఫీసుకు మూడుసార్లు తీసుకెళ్ళాడు. ఆమె వద్దంటూనే ఎక్కింది.

“అమ్మిన భూమి నా పేరు మీద ఎందుకురా అంతయ్యా? రేపు నలుగురు ఏమంటరు?”

“ఏమంటరు వదినె? నలుగురికి ఎరికే గద,” అన్నాడు అంతయ్య.

మొదటిసారి చెక్కు వచ్చింది. తర్వాత డబ్బు నేరుగా ఖాతాలో పడడం మొదలైంది. ఖాతా నా దగ్గరే. డబ్బులు పడ్డాయని ఊళ్ళో గుసగుస మొదలయ్యీ కాకముందే కనకవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ఇక్కడొక చిక్కు. ఇరవై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు అవి, గీతలన్నీ అరిగిపోయాయి. మిషను ఆమెను గుర్తుపట్టేది కాదు. బొటనవేలు పెడితే ఎర్ర లైటు, చూపుడువేలు పెడితే ఎర్ర లైటు. కొబ్బరినూనె రాసి, తుడిచి, ఎడమ చేతి ఉంగరపు వేలు గట్టిగా నొక్కితే ఎప్పటికో పచ్చ లైటు వెలిగేది. “నేను నేనే గాదని నీ మిషిని అంటుంది తమ్మీ,” అని నవ్వేది.

తీసిన డబ్బు కొంగున ముడేసుకుని తిన్నగా అంతయ్య ఇంటికి వెళ్ళేది. అంతయ్య భార్య బాలవ్వ కుర్చీ వేసి చాయ్ ఇచ్చేది. చాయ్ తాగి, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేసి వచ్చేది. ఒకసారి అంతయ్య ఐదు వందలు తీసి ఆమె చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. కొత్త పంట వచ్చినప్పుడు మాత్రం బాలవ్వ ఇరవై ఐదు కిలోల బియ్యం పంపేది, అవి తీసుకునేది. అంతయ్య చెడ్డవాడని నేను అనను. భయస్తుడు, పిసినారి. ఈ రెండూ కలిస్తే చెడ్డతనం అక్కర్లేకుండానే చాలా నష్టం జరుగుతుంది.

పిసినారి అని ఊరికే అనడం లేదు. ఫౌతి అయిన రెండేళ్ళకు కనకవ్వే అడిగింది, మండలాఫీసుకు పోదాం పద, నీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేసిస్తాను అని. అంతయ్య స్టాంపు ఖర్చు ఎంతవుతుందో కనుక్కుని వచ్చి అడ్డంగా తలూపాడు. “ఒకపారి కొన్న భూమిని మల్లొకపారి కొనాల్నా? సాదా బైనామాలకు సర్కారే ముఫ్తుగ పట్టాలిస్తదట, జర ఆగుదాం,” అన్నాడు. సర్కారు దరఖాస్తులు తీసుకుంది కూడా. అంతయ్య కూడా ఒకటి పెట్టుకున్నాడు. ఆ సంగతి కోర్టుకెక్కి ఆగిపోయింది. రసీదు మడిచి పెట్టెలో పెట్టుకుని, ఇవాళో రేపో అని ఐదేళ్ళు ఎదురుచూశాడు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది జనవరిలో, భూమి లేని కూలీల కుటుంబాలకు కూడా ఏడాదికి పన్నెండు వేలు ఇస్తామన్నారు. ఉపాధి పనికి ఇరవై రోజులు వెళ్ళి ఉండాలి, గుంట భూమి కూడా ఉండకూడదు. మొదట మండలానికొక ఊరిని తీసుకున్నారు, మా మండలంలో మా ఊరే వచ్చింది. కనకవ్వ ఆ ముందటేడు అరవై రోజులకు పైగా మట్టి తవ్వింది. ఆ ఏటి వానల్లోనే ఆమె ఇంటి వెనక గోడ కూలింది. తడకలు కట్టి, ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంటోంది. మొదటి విడత ఆరు వేలు వస్తే గోడ లేపించుకుంటానని మేస్త్రీకి ఇటుకలు ఎన్ని కావాలో కూడా అడిగిపెట్టుకుంది.

పంచాయతీ ముందర టెంటు వేసి గ్రామసభ పెట్టారు. మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. నాబోటి ఉద్యోగులకు ముందు వరసలో కుర్చీలు వేశారు. భూమి లేని కూలీల పేర్లు చదివారు, అందులో కనకవ్వ పేరు లేదు. ఆమె లేచి నిలబడింది.

“సారూ, నా పేరు రాలే. కనకవ్వ, సాంబయ్య భార్య.”

అధికారి ఫోనులో చూసుకున్నాడు. “నీ పేరు మీద రెండెకరాలున్నదమ్మా. రైతుబంధు గూడ తీసుకుంటున్నవ్. భూమి ఉన్నోళ్ళకు ఇది రాదు.”

“నాకు భూమి లేదు సారూ. మా ఆయిన బతికున్నప్పుడే అమ్మిండు. గీ అంతయ్యకే అమ్మిండు. గాయిననే దున్నుకుంటుండు. అగో, గక్కడ కూసున్నడు, అడుగుండ్రి.”

“మరి రైతుబంధు పైసలు?”

“పడ్డయి పడ్డట్టు గాయినకే ఇచ్చిన.”

జనంలో కొందరు నవ్వారు. అధికారి నవ్వలేదు. “అట్లయితే ఏడేండ్ల పైసలు తప్పుడు ఖాతాల పడ్డట్టే గద. రికవరీ రాయాల్సొస్తది. ఎవరయ్యా అంతయ్య? ఆ భూమి నువ్వు కొన్నవా?”

అంతయ్య లేచాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. రికవరీ అన్న మాట అతని మీద పిడుగులా పడిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఏడేళ్ళ డబ్బు కక్కమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? అసలు భూమికే ఎసరు వస్తే?

“లేదు సార్,” అన్నాడు. “భూమి గామెదే. నేను కౌలుకు జేస్తున్న.”

కనకవ్వ అతని వైపు చూసింది. తర్వాత తలతిప్పి టెంటు కింద కూర్చున్న వాళ్ళందరినీ చూసింది. ఆ కాగితం మీద సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో ఒకాయన చనిపోయాడు, ఇంకొకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. సాక్షులు లేకపోతేనేం, భూమి ఎవరిదో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పొలంలో ఆమెతో కలిసి నాట్లు వేసిన ఆడవాళ్ళే ఇరవై మంది ఉన్నారక్కడ. ఒక్కరి నోరూ పెగల్లేదు. నా పథకం నాకు వచ్చింది, ఆమె గొడవ నాకెందుకు అని ప్రతివాడూ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఊరి మీద నాకు అప్పుడొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

“అబద్ధాలు చెప్పి పథకాలు తీసుకోవద్దమ్మా. కూసో,” అన్నాడు అధికారి.

ఆమె కూర్చుంది. తర్వాతి పేరు చదివారు.

అరవై ఏళ్ళ జీవితంలో కనకవ్వకు ఉన్న ఆస్తి ఒక్కటే, ఆమె మాట నిజమని ఊరు నమ్మడం. ఇంకెవరైనా ఐదు వందలు బదులడిగితే లేవని చెప్పే కిరాణా కొట్టువాడు ఆమెకు అడక్కుండానే ఇచ్చేవాడు. ఆ సభ తర్వాత ఊళ్ళో ఎవరూ ఆమెను అబద్ధాలకోరు అని అనలేదు. అందరికీ నిజం తెలుసు మరి. కాని ఉపాధి పని దగ్గర ఎవరో ఒకరు “ఏం భూస్వామమ్మా, గంప ఎత్తమంటవా?” అని నవ్వేవారు. వాళ్ళకది వేళాకోళమే. ఆమె మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ మొహం పక్కకు తిప్పుకునేది. అంతయ్య పొలానికి కూలికి పోవడం ఆ రోజు నుంచే మానేసింది.

ఫిబ్రవరిలో పెట్టుబడి డబ్బులు పడ్డాయి. పథకం పేరు మారింది, ఎకరానికి ఆరు వేలైంది. రెండెకరాలకు పన్నెండు వేలు. కనకవ్వ వచ్చింది, వెంట రమ కూడా ఉంది. సభ సంగతి విని సిరిసిల్ల నుంచి వచ్చేసిందట. తల్లి ఉంగరపు వేలు మిషను మీద నొక్కుతుంటే రమ నా బల్ల మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది.

“మామా, నువ్వన్నా జెప్పు మా అవ్వకు. భూమి నీదే అని అంతయ్య చిన్నాయననే సభల జెప్పిండు. ఇగ పైసలెందుకియ్యాలె? ఇంటికి గోడ లేదు. బీదోళ్ళ పైసలు గూడ గాయిన జేయబట్టే రాకపాయె.”

నిజం చెప్పాలంటే నాకూ అదే న్యాయమనిపించింది. “రమ చెప్పింది ఆలోచించు అక్కా,” అన్నాను.

పచ్చ లైటు వెలిగింది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. కనకవ్వ వాటిని కొంగున ముడేసుకుంది.

“గాడు జెప్పింది అబద్ధం బిడ్డా. గీ పైసలు నేను తింటే గా అబద్ధం నిజమైతది. రేపు నన్నెవలన్న అడిగితే ఏం జెప్పాలె?”

“గోడ కూలిపాయెనని జెప్పు,” అంది రమ. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

కనకవ్వ ఆ పన్నెండు వేలూ తీసుకెళ్ళి అంతయ్య ఇంటి బయటి గద్దె మీద పెట్టి, గడప తొక్కకుండా వచ్చేసింది. బాలవ్వ వెనకాలే వచ్చి పిలిచినా తిరిగి చూడలేదట. వారం తర్వాత బాలవ్వ బియ్యం బస్తా మోయించుకొచ్చి కనకవ్వ గుమ్మంలో దింపింది. రెండు రోజులు అది దింపిన చోటే ఉంది. మూడో రోజు బాలవ్వే ఏడ్చుకుంటూ తీసుకెళ్ళింది. జూన్‌లో మళ్ళీ డబ్బులు పడ్డాయి. ఈసారి కనకవ్వ తానుగా వెళ్ళలేదు, తీసిన డబ్బు తిరిగి నా చేతికే ఇచ్చి, గాయినకు అందజెయ్యి తమ్మీ అంది.

తీసుకెళ్ళి ఇచ్చాను. అంతయ్య ఆ నోట్లు లెక్కపెట్టకుండానే పెట్టెలో పెట్టాడు. మనిషి సగమయ్యాడు. ఆ వానాకాలం కనకవ్వ ఇంటి తడకలు రెండుసార్లు పడిపోయాయి. ఇద్దరూ ఎదురుపడితే ఒకరు సందు మారేవారు.

వానలు తగ్గుతున్న రోజుల్లో కోర్టు అడ్డు తొలగిందని, పాత దరఖాస్తులు మళ్ళీ చూస్తున్నారని తెలిసింది. అంతయ్య పెట్టెలోని రసీదుకు ప్రాణం వచ్చింది. కాని ఒక షరతు ఉంది. భూమి అమ్మినవాళ్ళు, లేదా వాళ్ళ వారసులు, అమ్మిన మాట నిజమేనని ప్రమాణపత్రం రాసివ్వాలి. అంతయ్య నా ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డాడు.

“గోపాలన్నా, వదినెను నువ్వే అడగాలె. నేను ఏ మొఖం వెట్టుకొని పోవాలె?”

నాకు ఒళ్ళు మండింది. ఎనిమిది నెలలుగా లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చింది.

“నలుగుర్ల ఒక ఆడిమనిషిని అబద్ధాలకోరును జేస్తివి గదనయ్యా. గప్పుడు రాలేదా గీ మొఖం? నోరిప్పి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నిజం జెప్తే నీ సొమ్మేం పోతుండె? ఏండ్ల తరబడి నీ పైసలు నీ ఇంటికి మోసిందయ్యా గామె.”

ఇంకా చాలా అన్నాను. నేను బాగా మాట్లాడతానని ఊళ్ళో పేరుంది. అంతయ్య అన్నీ తలొంచుకుని విన్నాడు. ఆఖరికి నేనే చల్లబడి, సరే అడుగుతాను పో అన్నాను.

కనకవ్వ ఇంటికి వెళ్ళేసరికి ఆమె బీడీలు చుడుతోంది. విషయం చెప్పి, కాదంటావని తెలుసు, నీ ఇష్టం అని కూడా అన్నాను. మా పొలాల పక్కన కొత్త రోడ్డు పడబోతోందని, ఎకరం ముప్పై లక్షలు పలుకుతుందని అప్పటికే ఊరంతా చెప్పుకుంటోంది. ఆమె వేలిముద్ర వెయ్యకపోతే ఆ భూమిని ఆమె నుంచి ఎవరూ కదిలించలేరు. ఈ షరతు సంగతి విని పొద్దున రమ ఫోను చేసి, ముద్ర వేస్తే నీ గడప తొక్కను అని బెదిరించిందట.

“ఎప్పుడు వోవాలె?” అని అడిగింది కనకవ్వ.

మర్నాడు అంతయ్యతో కలిపి ముగ్గురం ఆటోలో మండలానికి వెళ్ళాం. తహసీల్ ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద నోటరీ బల్ల ఉంది. ప్రమాణపత్రం నేనే చదివి వినిపించాను. ‘నా భర్త సదరు భూమిని అమ్మినది వాస్తవమని, దానిపై నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదని’ అన్న చోట ఆమె ఒకసారి తలూపింది. ఇక్కడ మిషను లేదు, సిరా దిండే. నోటరీ ఆమె బొటనవేలు పట్టుకుని మూడు చోట్ల అద్దించాడు.

అంతయ్య అక్కడే నేల మీద కూలబడి ఆమె కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

“ఆనాడు భయపడ్డ వదినె. రికవరీ అనంగనే నాకు గుండె జారిపోయింది.”

“ఎరికే,” అంది. “పో, జిరాక్సులు దీసుకరా. సారు అడుగుతుండు.”

అంతయ్య కళ్ళు తుడుచుకుంటూ రోడ్డు దాటాడు. మేమిద్దరం సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. సిరా అంటిన వేలిని ఆమె చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంటోంది. “నీ అంత మనసు ఈ ఊళ్ళో ఎవరికీ లేదక్కా. ఆ రోజు సభలో వాడు అట్లా చేసినా, ఊరంతా నోరు మూసుకున్నా, నువ్వు...” అంటూ ఏదో చెప్పబోయాను.

ఆమె వేలు తుడుచుకోవడం ఆపి నా వైపు చూసింది. కోపంగా ఏమీ కాదు. చాలా రోజులుగా అడగాలనుకుని, సందు దొరక్క ఆగిపోయిన మాట అడిగినట్టు అడిగింది.

“అంతయ్యకైతె భూమి పోతదని భయం. ఊరోళ్ళకు పథకం పోతదని భయం. కాగితం రాసింది నువ్వు, పైసలు దీసిచ్చింది నువ్వు, ముందల కుర్చీల కూసున్నది నువ్వు. నీదేం పోతుండె తమ్మీ?”

అంతయ్య జిరాక్సు కాగితాలతో తిరిగొచ్చాడు. ఆటోలో ముగ్గురం ఊరికి వచ్చాం. దరఖాస్తు ఇప్పుడు ఏ బల్ల మీద ఉందో నాకు తెలియదు. తేలితే అంతయ్య పేరు మీద భూమి అవుతుంది, కనకవ్వకు భూమి లేదని సర్కారు ఒప్పుకుంటుంది. ఆమె అడిగినదానికి మాత్రం నేను ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. ఆ రోజు ఆ కుర్చీలో ఎందుకు కదలకుండా కూర్చున్నానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకటే తేలుతోంది. నాది పోయేది ఏమీ లేదు.